కరువమ్మను సాగనంపిన పాట

బెంగళూరు,
2 ఆగస్టు 2023

మల్లి అత్తకు,

నీ మేనకోడలు భారతి రాస్తున్నది. ఉత్తరం చూసి ఎవరికో ఏదో అయిందని కంగారుపడకు, బాగానే ఉన్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నువ్వు ఫోన్లో మాట్లాడితే కొండ మీద గొర్రెల వెనకున్న మామను పిలిచినట్టే ఉంటుంది, వీధి చివరి ఇంటివాళ్ళు కూడా జవాబు చెప్తారు. మెసేజ్ పెడదామంటే సాయంత్రమైతే నీ ఫోన్ మా నాయన చేతిలో ఉంటుంది. అందుకే నీ అంగన్‌వాడీ చిరునామాకు రాస్తున్నాను. పిల్లలు ఇళ్ళకు పోయాక నిదానంగా చదువు.

కేశవ గురించి నీకొక్కదానికే చెప్పాను కదా. మా పాటల బృందంలో గిటార్ వాయించేవాడు. మూడేళ్ళు కలిసి తిరిగాం, పెళ్ళి చేసుకుందాం అనుకున్నాం. జనవరిలో హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, మన సంగతి ఆలోచించుకుని చెప్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. పోయాడు అనుకుందామంటే పోతున్నానని చెప్పలేదు, ఉన్నాడు అనుకుందామంటే ఫోన్ ఎత్తడు. ఆ మధ్యలో వేలాడుతూ ఒక పాట రాశాను. బడిలో పిల్లలకు సంగీతం చెప్పి వచ్చాక రోజూ కొంచెం కొంచెం రాసుకున్నది. పోయిన నెల ఒక పాటల కంపెనీ దాన్ని విడుదల చేసింది. పల్లవి ఇదీ:

ఉన్నన్నాళ్ళు ఉన్నావు, చాల్లే,
నిన్ను తిట్టి పంపను, ఏడ్చి ఆపను.
నీ సామానంతా సర్దిపెట్టాను,
ఎండపొద్దు, నిదానంగా వెళ్ళు.

చివరి పాదం మాత్రం ఇట్లా రాశాను:

గడప దాటి పోయినా, తలుపు తీసే ఉంచాను.

వచ్చిన చిక్కంతా ఆ పాదంతోనే. అక్కడికి రాగానే నా గొంతు పట్టేస్తుంది. రికార్డింగులో ముక్కలు ముక్కలుగా పాడించి అతికించారు. వచ్చే నెల 24న అనంతపురంలో కంపెనీ వాళ్ళ కార్యక్రమం ఉంది. స్టేజి మీద అతికించడానికి వీలుండదు. అక్కడ ఆగిపోతే ఇంక నన్ను ఎవరూ పాడమని పిలవరు. పాట తప్ప నాకు చేతనైన పని ఇంకేముందో నువ్వే చెప్పు.

మా నాయనకు ఈ పాట సంగతి తెలియనీయకు. ఎవరి మీద రాశావు అని అడుగుతాడు.

నీ కోడలు,
భారతి


శింగనమల,
9 ఆగస్టు 2023

కోడలా,

ఉత్తరం అందింది. తెచ్చినాయన బెంగళూరు నుంచి ఎవరు రాశారో తెలుసుకోకుండా కదలనని నిలబడ్డాడు. పిల్లల టీకాల కాగితాలని చెప్పి పంపేశాను.

నీ ఉత్తరం కన్నా నీ పాట ముందొచ్చింది తల్లీ. బస్టాండు టీ అంగట్లో అదే, ఆటోల్లో అదే. మా ఆయా దాన్ని పెట్టి పిల్లల్ని నిద్రపుచ్చుతోంది. మీ నాయన బోరు మోటారు విప్పుకుంటూ అదే కూనిరాగం తీస్తున్నాడు. గొంతు మన పక్క పిల్లదిలాగా ఉందే అన్నాడు. నోరు ఊరుకోక, నీ కూతురిదే కదన్నా అనేశాను. అప్పటికి నీ ఉత్తరం రాలేదు మరి. ఆయన పాన పక్కన పెట్టి మొదటి నుంచి మళ్ళీ విన్నాడు. విన్నాక నా మొహంలోకి చూసి అడిగాడు.

"పాట బాగుండాది. ఎవుర్ని పొమ్మంటాంది ఈ పిల్ల?"

నాకు కేశవ గుర్తొచ్చాడు. ఎదురుగా పగుళ్ళు తీసిన చేను కనిపించింది. "కరువునన్నా" అన్నాను.

ఆయన కాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు. సాయంత్రానికి టీ అంగడి నిండా చెప్పేశాడు, మా భారతి కరువును పొమ్మని పాట కట్టిందని. చీకటి పడకముందే అంజనమ్మవ్వ ఆడవాళ్ళనందర్నీ వెంటేసుకుని మా గడపలో ఉంది.

నీకు తెలుసో లేదో, వానలు మరీ ముఖం చాటేస్తే మనవాళ్ళు కరువమ్మను సాగనంపుతారు. గడ్డితో, గుడ్డ పేలికలతో ఆడబొమ్మను చేసి, చేటలో కూర్చోబెట్టి, పాడుకుంటూ పొలిమేర దాటించి వస్తారు. ఈసారి వేరుశెనగ చేలన్నీ వాడిపోయాయి. మీ మామతో సహా గొర్రెలున్న మగవాళ్ళంతా మందలు తోలుకుని కర్నూలు పక్క కాలువల కిందికి పోయారు. వాన పడి ఇక్కడ గడ్డి మొలిస్తేనే వాళ్ళ రాక. అంజనమ్మవ్వకు వచ్చిన పాతపాట నిండా బూతులే. ఇన్నేళ్ళు తిట్టి పంపాము, అందుకే పగబట్టినట్టు మళ్ళీ మళ్ళీ వస్తోంది, ఈసారి మర్యాదగా పంపుదాం అని ఆమె వాదన. తిట్టకుండా పొమ్మనే పాట నీదొక్కటే దొరికింది.

అందరికీ నచ్చింది. ఆ చివరి పాదం ఒక్కటే ఎవరికీ నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

మీ అత్త,
మల్లీశ్వరి


బెంగళూరు,
14 ఆగస్టు 2023

అత్తా,

నువ్వు చేసిన పనికి ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు. మూడేళ్ళ నా బతుకును తీసుకెళ్ళి చేటలో కూర్చోబెట్టావు. అది ఒక మనిషి మీద రాసిన పాట. నేను ఆ మనిషి కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను. గడ్డిబొమ్మ ముందు పాడుకోవడానికి కాదు అది.

పాడుకుంటే పాడుకోండి, మిమ్మల్ని ఆపడం నా వల్ల కాదు. చివరి పాదం మాత్రం ముట్టుకోవద్దు. అది తీసేస్తే అది నా పాటే కాదు. అయినా మీకెందుకు నచ్చలేదు? మామ పోయి ఎన్ని నెలలైంది? ఆయన కోసం నువ్వు తలుపు తీసిపెట్టుకోలేదా? నీకొక న్యాయం, నాకొక న్యాయమా?

కోపంగా ఉన్నాను. అయినా వేళకు తిను. బీపీ మాత్రలు మానేయకు.

భారతి


శింగనమల,
22 ఆగస్టు 2023

కోపంలో కూడా మాత్రలు గుర్తు చేసిన నా కోడలికి,

కరువమ్మను శనివారం సాగనంపాము. బొమ్మకు నా పాత ఎర్రచీర కట్టాం. పుట్టింటి నుంచి పోయే ఆడబిడ్డకు ఒడినింపినట్టు ఒళ్ళో రాగులు పోశాం. అంజనమ్మవ్వ ముద్ద, పప్పు వడ్డించి దగ్గర కూర్చుని బలవంతం చేసి మరీ తినిపించింది. ఆకలితో పోతే దారిలోంచి తిరిగొస్తుందట. నీ పాట ఎత్తుకున్నాక, చెప్తే నమ్మవు, కొందరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్ని బాధలు పెట్టినా ఇన్నేళ్ళు మనింట్లోనే ఉన్నది కదా అని రంగమ్మ ముక్కు చీదింది. పొలిమేర చేరేసరికి ఏడుపులు పోయి నవ్వులు మొదలయ్యాయి.

చివరి పాదం దగ్గర అంజనమ్మవ్వ ఆగిపోయింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను. "ఏమ్మే మల్లీ, దాన్ని పొమ్మని చెప్పి మళ్ళా తలుపు తీసి పెడ్తే అది యాడికి పోతాది? ఆ చింతచెట్టు కింద కూచ్చోని మన దిక్కే చూస్తాంటాది." అందరూ అవునన్నారు. నిలబడ్డ చోటే, నేనూ ఒక మాట, ఆమె ఒక మాట వేసి ఇలా మార్చుకున్నాం:

గడప దాకా తోడొస్తా, తలుపు నేనే వేస్తా.

నిన్ను అడగకుండా మార్చినందుకు తిట్టు, పడతాను. కానీ మామ సంగతి తెచ్చావు కాబట్టి చెప్తున్నాను. నేను ఏ రోజూ తలుపు తీసిపెట్టుకోలేదు. మీ మామ వస్తే తలుపు కొడతాడు, నేను తీస్తాను. ఊరికే తీసిపెడితే వచ్చేది కుక్కలు. పోయిన వారమే ఒకటి వచ్చి పాలగిన్నె బోర్లించింది.

మా ఆయా దీన్నంతా ఫోన్లో పట్టి ఎక్కడెక్కడికో పంపింది. మీ నాయన ఆడవాళ్ళ వెనకాలే పొలిమేర దాకా వచ్చి, దూరంగా నిలబడి అంతా విన్నాడు.

మల్లీశ్వరి

తా.క. వాన ఇంకా రాలేదు. వస్తుందిలే, సామాను సర్దుకోవడానికి ఎవరికైనా సమయం పడుతుంది కదా.


బెంగళూరు,
29 ఆగస్టు 2023

అత్తా,

మీ ఆయా పంపిన వీడియో ఎంత దూరం పోయిందో తెలుసా? నా పాట కన్నా దాన్నే ఎక్కువమంది చూశారు. ఇప్పుడు జనం నన్ను తిడుతున్నారు. శింగనమల ఆడవాళ్ళ పాత జానపదాన్ని ఈ బెంగళూరు పిల్ల దొంగిలించిందట, పైగా అంత చక్కని చివరి పాదాన్ని చెడగొట్టిందట. మన యాస మీద పరిశోధన చేసే ఒకాయన అది వందేళ్ళ నాటి పాట అని తేల్చేశాడు. మా కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, నిజం చెప్పమ్మా, ఎక్కడి నుంచి ఎత్తావు అని అడిగారు. మా అత్త, ఒక అవ్వ కలిసి పదిరోజుల కిందట కట్టారని చెప్తే నవ్వి ఫోన్ పెట్టేశారు.

ఇదంతా చెప్పి నీతో పెద్ద గొడవ పెట్టుకుందామనుకున్నాను. ఇంతలో నిన్న కేశవ మెసేజ్ పెట్టాడు.

మీ వీడియో చూసి, అసలు పాట ఏదో వెతుక్కుని విన్నాడట. తలుపు తీసే ఉంచావా అని అడిగాడు. అవునన్నాను. పదో తేదీ ఆదివారం వస్తున్నానన్నాడు. చూశావా, నా పాదమే పని చేసింది. నువ్వూ అంజనమ్మవ్వా చెప్పినట్టు వేసుకుని ఉంటే వచ్చేవాడా?

సంతోషంగా ఉంది అత్తా. కిటికీ తెరలు ఉతికాను. అతను వచ్చి వెళ్ళాక ఆ పాదం దగ్గర నా గొంతు పట్టదు. అనంతపురంలో చక్కగా పాడేస్తాను.

నీ భారతి


శింగనమల,
5 సెప్టెంబరు 2023

కోడలా,

వాన పడింది. ఆదివారం మధ్యాహ్నం మొదలై సోమవారం దాకా విడవకుండా కురిసింది. చెరువులోకి నీళ్ళు దిగుతుంటే చూడ్డానికి జనం గొడుగులు కూడా మరచి పోయారు. అంజనమ్మవ్వ తడిసి ముద్దై, నేను చెప్పలేదా అని ఇల్లిల్లూ తిరిగింది. ఆమెకు ఇప్పుడు జలుబు. అయినా చెప్పడం మానలేదు.

ఈ రోజు పొద్దున మీ మామ మందతో వచ్చేశాడు. కాలువల దగ్గరున్నప్పుడే ఇక్కడ వాన సంగతి తెలిసి మందను లారీ ఎక్కించాడట. తలుపు కొట్టాడు. ఆ కొట్టడం ఎవరిదో నాకు తెలియదా? అయినా లోపలి నుంచి "ఎవరూ" అన్నాను. "నేనే, చౌడప్పను" అన్నాడు పెద్దమనిషి, కొత్తగా పెళ్ళిచూపులకు వచ్చినట్టు. పెళ్ళై ముప్ఫై ఏళ్ళు దాటింది, అయినా కొంగు సర్దుకుని మరీ తలుపు తీశాను. ఆ సంతోషం ఎట్లాంటిదో నీకు రాసి చెప్పడం నాకు రాదు. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఇంత చిక్కిపోయావేం, తిండి తినడం లేదా అన్నాడు. ఆ తరువాతే గొర్రెల సంగతి.

కేశవ విషయంలో నీ ఇష్టం నీది. వచ్చినవాణ్ణి మర్యాదగా కూర్చోబెట్టు. పాత తప్పులేవీ ఎత్తకు. ఊరికే కూర్చుని, తనంతట తాను నీ గురించి ఏమడుగుతాడో విను. మంచివాడైతే నాకన్నా సంతోషపడేవాళ్ళు ఉండరు, మీ నాయనతో నేనే మాట్లాడతాను. నా భయమల్లా ఒకటే. ఎనిమిది నెలలు అన్నం సరిగ్గా తినకుండా నువ్వు ఎదురుచూసిన మనిషి, ఆ ఎదురుచూపుకు తగ్గవాడు కావాలి.

మీ అత్త,
మల్లీశ్వరి


బెంగళూరు,
12 సెప్టెంబరు 2023

అత్తా,

కేశవ వచ్చాడు. మొదటి నుంచి చెప్తాను, నవ్వకుండా చదువు. సరేలే, నవ్వు.

పదకొండింటికి వస్తానని ఒంటిగంటకు వచ్చాడు. నేను తలుపు నిజంగానే తెరిచిపెట్టి కూర్చున్నాను, నేరుగా లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. నన్ను చూసి, ఆ పాట నా గురించే కదా అన్నాడు. అవునన్నాను. ఫోన్ తీసి తన ఆఫీసు వాళ్ళ మెసేజీలు చూపించడం మొదలుపెట్టాడు. ఆ పాటలోని మనిషి తనేనని అందరికీ చెప్పుకున్నాడట. ఎవరూ నమ్మలేదట, అది కరువు మీద పాట అన్నారట. అక్కడికక్కడే వీడియో కాల్ చేసి, నువ్వే చెప్పు వీళ్ళకు అని ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. అత్తా, ఎనిమిది నెలల తరువాత వచ్చిన మనిషి ముందు కూర్చుని, ఇతను కరువు కాడండీ, మనిషేనండీ అని ఎవరో ముక్కూ మొహం తెలియని ఇద్దరికి సాక్ష్యం చెప్పాను.

ఆ తరువాత రెండో చరణం తనకు అన్యాయం చేసిందన్నాడు. ఉప్మా తిన్నాడు. సామానంతా సర్దిపెట్టానని రాశావు గానీ నా స్పీకర్ ఇవ్వలేదు కదా అన్నాడు. అలమరలోంచి తీసి ఇచ్చాను. నువ్వు చెప్పినట్టు ఊరికే కూర్చుని విన్నాను. సాయంత్రమైంది. నేను ఎలా ఉన్నాను, ఏం చేస్తున్నాను, అనంతపురంలో పాడబోతున్నానా, ఒక్కటీ అడగలేదు. చెడ్డవాడు కాదు అత్తా. తనను తాను చూసుకోవడంతోనే అతనికి పొద్దు చాలదు. నేను ఎదురుచూసింది ఇతని కోసం కాదు. నా పాటలో ఉన్నవాడు ఇతనికన్నా చాలా బాగుంటాడు, వాణ్ణి నేనే తయారు చేసుకున్నాను.

లేచేముందు, మన సంగతి ఆలోచించుకుని చెప్తాను అన్నాడు.

అప్పుడు నాకు మన ఊరి మాట వచ్చేసింది. "ఆలోచించేదానికి ఏమీ లేదు కేశవా. ఉన్నన్నాళ్ళు బాగనే ఉండాం. పోయిరా" అన్నాను.

మెట్ల కింది దాకా వెళ్ళి స్పీకర్ బండిలో పెట్టడానికి సాయం కూడా చేశాను. తిరిగి పైకొచ్చి తలుపు వేసుకున్నాను. ఏడుపు వస్తుందని గోడకానుకుని నిలబడ్డాను, రాలేదు. ఆకలి వేసింది. మిగిలిన ఉప్మా అంతా తిని, ఇంకా చాలక అన్నం వండుకున్నాను.

నిన్న సాధనలో మీ పాదంతో పాడి చూశాను. గొంతు ఎక్కడా పట్టలేదు. ఆ పాదాన్ని నాకు ఇస్తారా? ఊరికే కాదు, స్టేజి మీద మీ పేర్లు చెప్పే పాడతాను. అంజనమ్మవ్వను అడిగి జాబు రాయి. ఆమె ఒప్పుకోకపోతే నేనే వచ్చి కాళ్ళు పట్టుకుంటాను.

నీ కోడలు,
భారతి


శింగనమల,
26 సెప్టెంబరు 2023

బంగారు కోడలా,

అంజనమ్మవ్వ తరఫున జాబు రాయడానికి వ్యవధి లేక, ఆమెనే స్టేజి ముందుకు తెచ్చి కూర్చోబెట్టాం. నీకు కనిపించిందో లేదో, ఏసీ చలికి గొంగడి కప్పుకుని రెండో వరుసలో ఉన్నది ఆమే. నువ్వు ఆమె పేరు చెప్పగానే లేచి నిలబడి, పాట అయిపోయేదాకా కూర్చోలేదు. వెనకవాళ్ళు గొడవ చేస్తే, నా పాటకు నేను నిలబడకూడదా అని గద్దించింది.

ఆ పాదం దగ్గరకు వచ్చేసరికి నేను అవ్వ గొంగడి అంచు పట్టుకున్నాను. నువ్వు కళ్ళు మూసుకోలేదు, తల దించుకోలేదు, నవ్వుతూ పాడావు. మనవాళ్ళంతా అందుకున్నారు, ఆ వెనక హాలంతా అందుకుంది. నువ్వు పాడడం ఆపేసి నడుం మీద చెయ్యి పెట్టుకుని వింటూ నిలబడ్డావే, అప్పుడు చూడాలి నిన్ను. నా పిల్ల నాకు మళ్ళీ దొరికింది అనుకున్నాను. ఏడ్చాను, దాచడం ఎందుకు. బస్సు వేళైందని నిన్ను కలవకుండానే పరుగెత్తాం.

ఇప్పుడు నీకు చెప్పవలసింది ఒకటుంది. తిరుగు ప్రయాణంలో బస్సులో మీ నాయన నా పక్క సీటుకు వచ్చి కూర్చున్నాడు. మీ కూతురు కరువు మీద ఎంత బాగా కట్టిందప్పా అని దారి పొడుగునా అందరూ మెచ్చుకుంటుంటే తల ఊపుతూనే ఉన్నాడు. బుక్కరాయసముద్రం దాటాక, జనం కునుకు తీస్తుండగా, నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"మల్లీ, నేను నలభై ఏండ్లు కరువుతో కాపురం జేసినా. కరువు మీద ఎవురూ అంత ప్రేమగా రాయరు. వాడెవుడో నాకు చెప్పొద్దు, నేను అడగను. నా బిడ్డ మనసులో నుంచి పోయినాడా, ఇంగా ఉండాడా, అంతే చెప్పు."

ఆ మోటారు దగ్గర నేను కరువు అన్నప్పుడే అది అబద్ధమని ఆయనకు తెలుసు. నువ్వు సిగ్గుపడకూడదని ఊరంతా తిరిగి కరువు పాట, కరువు పాట అని తానే చాటింపు వేశాడు.

"పోయినాడన్నా" అన్నాను.

ఆయన కండువాతో మొహం తుడుచుకుని, ఊరు వచ్చేదాకా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం, శెనక్కాయలు గింజ పట్టినాయి, బిడ్డను ఆదివారం రమ్మని చెప్పు అన్నాడు.

మీ అత్త,
మల్లీశ్వరి